గురువులకు పాఠం చెప్పిన బడిపంతులు – గిడుగు రామమూర్తి

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు ఫోన్ చేసినప్పుడు కొంచెం భయమే వేసింది. ముప్పై ఏళ్లుగా నేను రాసినవి ఎస్టిమేట్లు, మెజర్‌మెంట్ బుక్కులు, సైట్ రిపోర్టులు. అవి చదివి సంతోషించినవాళ్లు ఎవరూ లేరు. మన సార్ల జ్ఞాపకాలు రాద్దామంటే, నాకంటే బాగా రాయగల మిత్రులు ఈ సంచికలోనే చాలామంది ఉన్నారు. అందుకని ఎనభై ఏళ్ల కిందటే కన్నుమూసిన ఒక బడిపంతులు గురించి రాస్తున్నాను. ఆయన మన జిల్లావాడు కాదు. కానీ మన తరగతి గదిలో ఆయన పని ఇంకా మిగిలే ఉందని నా నమ్మకం.

గిడుగు వెంకట రామమూర్తి పేరు మనం పదో తరగతిలో రెండు మార్కుల ప్రశ్నకు జవాబుగా చదువుకున్నాం. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని రాస్తే మార్కులు పడేవి. అది అబద్ధం కాదు. కానీ ఆ మాటలో ఒక సంగతి కనబడకుండా పోయింది. ఆయన ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. ఆయన ఉద్యమం మొదలైంది సాహిత్య సభలో కాదు, బడిలో. పంతులు చెప్పేది పిల్లవాడికి అందుతున్నదా లేదా అన్న ప్రశ్నతోనే మొదలైంది.

బాల్యం, తొలి ఉద్యోగం

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే ఊళ్లో పుట్టారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. తండ్రి పర్లాకిమిడి ప్రాంతంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో చోడవరం బదిలీ అయి, ఆ ఏడాదే జ్వరంతో చనిపోయారు. పన్నెండేళ్ల పిల్లవాడు బంధువుల ఆదరణతో విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరి స్నేహం గురజాడ చనిపోయేదాకా నిలిచింది. జూబ్లీలు చేసుకునే మనకు ఆ సంగతి గుర్తుంచుకోదగ్గది. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పిల్లలు పెద్దయ్యాక తెలుగు రాసే తీరునే మార్చారు.

1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఇంటి పరిస్థితి పై చదువుకు వీలివ్వలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద చేరి, ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. ఉద్యోగం దొరికింది కదా అని చదువు ఆపలేదు. పగలు పాఠాలు చెబుతూ ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ., ఆ తర్వాత చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పాసయ్యారు. ముఖలింగం గుడి శాసనాలు ఎవరైనా చదివి చెబితే విందామని కూర్చోలేదు. పాత లిపులు తనే నేర్చుకుని ఆ శాసనాలు చదివారు. చరిత్ర చెప్పే మనిషికి చరిత్ర ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలన్నది ఆయన పట్టుదల.

ఈ రోజుల్లో ఉపాధ్యాయుల వృత్తి నైపుణ్యాభివృద్ధి అని పెద్ద పేరు పెట్టి సర్క్యులర్లు వస్తున్నాయి. రామమూర్తికి ఎవరూ సర్క్యులర్ పంపలేదు, టి.ఏ., డి.ఏ. ఇవ్వలేదు. తను చెప్పే పాఠం మీద తనకే తృప్తి లేకపోవడమే ఆయనకు దొరికిన శిక్షణ.

కొండ మీది పిల్లల దగ్గర నేర్చుకున్న పాఠం

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి రాతలేదు. సంతకు వచ్చిన సవరలు భాష రాక మోసపోవడం, వాళ్ల పిల్లలకు బడి అన్నదే లేకపోవడం రామమూర్తి చూశారు. వాళ్లకు చదువు చెప్పాలనుకున్నారు. ఎవరైనా అయితే వాళ్లకు ముందు తెలుగు నేర్పుదామనుకునేవారు. ఆయన అలా అనుకోలేదు. ముందు తను సవర నేర్చుకోవాలనుకున్నారు.

రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంటికి పిలిపించుకుని, మాట మాటా చెవితో విని, కాగితం మీద పెట్టుకుంటూ నేర్చుకున్నారు. కొండలెక్కి సవర పల్లెల్లో తిరిగారు. ఏళ్ల తరబడి సాగిన పని అది. నేర్చుకున్నాక ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. అక్కడి పంతుళ్లకు జీతాలూ తనే ఇచ్చారు. బడిపంతులు జీతంలోంచి ఇంకో బడిపంతులుకు జీతం ఇవ్వడం అంటే ఏమిటో ఈ సంచిక చదివే మన సార్లకు వివరించనక్కర్లేదు.

ఆ కొండల్లో తిరిగినందుకు ఆయన మూల్యం చెల్లించారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది, జీవితాంతం పోలేదు. చెవినే నమ్ముకుని ఒక భాషను పట్టుకున్న మనిషి ఆ పనిలోనే చెవులు పోగొట్టుకున్నారు. అయినా ఆపలేదు. మద్రాసు ప్రభుత్వం 1911లో ఆయన సవర పుస్తకాలు అచ్చువేయించింది. పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. 1931లో సవర భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు 75.

ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తనిఖీకి వెళ్లిన చోటల్లా చిన్న తరగతుల్లో తెలుగు పాఠం చెప్పే తీరు ఆయనకు అంతుపట్టలేదు. బయట జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటి. పంతులు పుస్తకంలోని మాటకు అర్థం చెబుతాడు, పిల్లలు ఆ అర్థాన్ని బట్టీ పడతారు. విషయం దగ్గరికి వచ్చేసరికి గంట కొడతారు. ఈ తేడా ఎందుకని ఆయన విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు చెప్పగలవాళ్లు గురజాడ, గిడుగు అని ఆయన చెప్పారు.

అప్పటికి రామమూర్తికి 44 ఏళ్లు. పాఠాలు చెప్పడంలో పాతికేళ్ల పైబడిన అనుభవం. ఆ వయసులో, ఆ అనుభవంతో, ఇన్‌స్పెక్టరు దొర అడిగిన ప్రశ్నకు మనలో చాలామంది చెప్పే జవాబు తెలిసిందే: ఎప్పటి నుంచో ఇలాగే వస్తోంది సార్. రామమూర్తి అలా దాటవేయలేదు. ఆ ప్రశ్నను ఇంటికి తీసుకుపోయారు. ఆ రోజు నుంచి చనిపోయేదాకా, 33 ఏళ్లు, దాన్ని వదల్లేదు.

ఆయన పనిచేసిన పద్ధతి ఇంజినీరుగా నాకు చాలా నచ్చింది. అభిప్రాయాలతో ఆగలేదు, ఆధారాలు పోగుచేశారు. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ లాంటి భాషాశాస్త్రవేత్తల పుస్తకాలు తెప్పించుకుని చదివారు. శాసనాలు, పాత వచన గ్రంథాలు, లేఖలు వెతికి, మన పూర్వులు వచనం రాసేటప్పుడు వాడుక మాటలు వాడారని ఎత్తి చూపారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే గ్రాంథిక వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులున్నాయో లెక్కకట్టి చూపారు. పండితులకే తప్పుల్లేకుండా రాయడం చేతకాని భాషను పదేళ్ల పిల్లవాడి చేత రాయించడం ఏం న్యాయమన్నది ఆయన వాదం సారాంశం. 1913లో ఇంగ్లీషులో ఆధునికాంధ్ర భాష గురించి ఒక విజ్ఞాపన పత్రం ప్రచురించారు. సభలు ఎక్కడ జరిగినా పుస్తకాల మూటతో వెళ్లేవారు.

ఆయన ఆశించిన మార్పు పుస్తకంలో మాత్రమే కాదు, పంతులు నిలబడే తీరులో. పిల్లవాడికి వచ్చిన మాటను తప్పు అనడంతో పాఠం మొదలుపెట్టకూడదు. ఆ మాట నుంచే మొదలుపెట్టి, తెలియనిదానికి తీసుకుపోవాలి. పిల్లవాడు తనకు తెలిసిన సంగతి తన మాటల్లో చెప్పగలిగి, చెప్పింది రాయగలిగితేనే చదువు వచ్చినట్టు. ఈ రోజు ఏ శిక్షణా తరగతికి వెళ్లినా, పిల్లవాడి పూర్వజ్ఞానం నుంచి మొదలుపెట్టండి అని చెబుతారు. నూరేళ్ల కిందట పర్లాకిమిడిలో ఒక పంతులు దాన్ని తన కొండబడిలో చేసి చూసి మరీ చెప్పారు.

ఓడిన రోజులు

1912–13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. రామమూర్తి గెలిచినట్టే కనిపించింది. కానీ పండితులు ఊరుకోలేదు. జయంతి రామయ్య పంతులు నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించింది. సభలు, విజ్ఞప్తులు, పత్రికల్లో వాదాలు నడిచాయి. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1915లో గురజాడ చనిపోయారు. తోడున్నవాళ్లు తగ్గారు. రామమూర్తి అప్పటికే, 1911లోనే, ఉద్యోగం నుంచి దిగిపోయారు.

దిగిపోయాక ఆయన పని రెట్టింపయింది. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. జీవితంలో ఎక్కువ భాగం గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం గారే దానికి అధ్యక్షులయ్యారు. అదే ఏడాది రామమూర్తి తెలుగు అనే పేరుతో పత్రిక నడిపారు. 1925లో తణుకులో, తనను వ్యతిరేకించిన పరిషత్తు సభలోనే, నాలుగు గంటలపాటు మాట్లాడి ఆధారాలన్నీ ముందుపెట్టారు. కైజర్–ఇ–హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కళాప్రపూర్ణ వచ్చాయి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువాళ్ల తరఫున దాన్ని వ్యతిరేకించిన రామమూర్తి, ఆ రాష్ట్రం మొదలయ్యే రోజు ఉదయమే, యాభై ఐదేళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అప్పటికి పత్రికలు, కథలు వాడుక భాషలోకి వచ్చేస్తున్నాయి గానీ, ఆయన మొదట అడిగిన బడిపుస్తకాలు మాత్రం మారలేదు. అవి మారడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. మన తరం వాడుక భాషలో సైన్సు, సోషల్ చదివిందంటే, ఆయన చూడని పంటను మనం తిన్నామన్నమాట.

మన బోధన్ బెంచీ మీద

ఆగస్టు 29ని ఆంధ్రలో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. మన దగ్గర కాళోజీ పుట్టిన రోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం. మరి మన సంచికలో గిడుగు ఎందుకని అడిగే మిత్రులు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. గిడుగు వాడుక భాష కావాలన్నారు. ఆ తర్వాత పుస్తకాల్లోకి వచ్చిన వాడుక మాత్రం నాలుగైదు కోస్తా జిల్లాలదే అయింది. మన ఇంట్లో ఆలుగడ్డ, బడిలో బంగాళాదుంప. ఇంట్లో ఆనిగెపుకాయ, పుస్తకంలో సొరకాయ. మక్కలు అన్నవాణ్ణి మొక్కజొన్న అనమని సరిదిద్దారు. ఎవరి మాట వాళ్లకు భాషేనని కాళోజీ గట్టిగా నిలబడింది ఇందుకే. నా లెక్కలో ఆ ఇద్దరిదీ ఒకే పోరాటం. గిడుగు సూత్రాన్ని గిడుగు పేరు చెప్పుకున్నవాళ్లే సగంలో ఆపేశారు.

పైగా మన ప్రాంతం ఒక్క భాషది కాదు. నిజాం కాలంలో బడి అంటే ఉర్దూ. 1937లో నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆ మహాసభలు అడుగుతూ వచ్చిన కోర్కెల్లో ఒకటి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పుట్టిందీ ఆ ఏడాదే. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక చెరుకు వచ్చింది, చెరుకుతో ఫ్యాక్టరీ వచ్చింది, రెంటితో మనుషులు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులు, సరిహద్దు అవతలి మరాఠీవాళ్లు, దక్కనీ మాట్లాడే కార్మికులు, తండాల నుంచి చెరుకు నరకడానికి వచ్చే లంబాడాలు. మా తరగతిలో ఒక్క బెంచీ మీద నాలుగు భాషలు కూర్చునేవి. పాఠం మాత్రం ఒక్కదానిలోనే నడిచేది.

నేను ప్రైమరీ బడిలో ఉన్నప్పుడు నా పక్కన తండా నుంచి వచ్చే ఒక అబ్బాయి ఉండేవాడు. ఏ బడో, ఏ సారో ఇప్పుడు అనవసరం. వాడు లెక్కల్లో నాకంటే చురుకు. చెరుకు బండి మీద ఎన్ని కట్టలున్నాయో చూపుతోనే చెప్పేవాడు. ఒకరోజు సారు బొమ్మ చూపించి ఇదేమిటంటే, నీళ్లు అనాల్సిన చోట పాణి అన్నాడు. సారు నవ్వారు. సారు నవ్వారు కదా అని క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడు క్లాసులో నోరు తెరవడం నేను చూడలేదు. చలికాలంలో ఫ్యాక్టరీ సైరన్ మోగి చెరుకు సీజన్ మొదలైంది, వాడు వాళ్లవాళ్లతో నరకడానికి పోయాడు, మళ్లీ రాలేదు. సారు చెడ్డవారు కారు. ఆయనకు లంబాడీ రాదు. రాకపోతే ఏం చెయ్యాలో ఏ ట్రైనింగులోనూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వాడు ఈ రోజు ఈ సంచికలో రాసేవాడేమో.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులు చెప్పే కార్యక్రమం మొదలైంది. ఆ ఎనిమిదిలో రామమూర్తి గారి సవర ఉంది, నా స్నేహితుడి బంజారా కూడా ఉంది. ఆ వార్త చదివిన రోజు వాడే గుర్తొచ్చాడు.

ఒక మనవి

నిజాంసాగర్ కాలువల సంగతి మనందరికీ తెలుసు. తూము దగ్గర ఎన్ని నీళ్లు వదిలారన్నది రికార్డులో ఉంటుంది. చివరి ఆయకట్టు మడికి ఎన్ని చేరాయన్నదే అసలు లెక్క. శిక్షణ కూడా అంతే. ఎన్ని రోజులు ట్రైనింగు ఇచ్చాం, ఎంతమంది సంతకాలు పెట్టారు అన్నది తూము లెక్క. వెనక బెంచీ పిల్లవాడికి ఏం చేరిందన్నది చివరి మడి లెక్క. రామమూర్తి చూసింది రెండోదాన్నే.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని మన వాట్సాప్ గ్రూపులో చర్చ నడుస్తోంది. కమాన్ కడదామని కొందరు, డిజిటల్ బోర్డులని కొందరు. నేను కట్టడాల మనిషినే, కమాన్‌కు ఎస్టిమేట్ వేసి ఇవ్వమంటే వేసిస్తాను. కానీ అందులో ఒక భాగం మన బడి టీచర్లకు కేటాయించమని నా మనవి. నెలకు ఒక శనివారం సాయంత్రం వాళ్లు కూర్చోవడానికి వీలు కల్పిద్దాం. ఒకరి పాఠం ఒకరు చూడాలి, ఏ పిల్లవాడికి ఏది అందలేదో మాట్లాడుకోవాలి. బడిలో పిల్లలు ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారో, మన పాఠాల్లోని మాటలకు వాళ్లిళ్లలో ఏ మాటలున్నాయో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. అవసరమైతే తండా నుంచి ఒక అమ్మను పిలిచి నేర్చుకోవాలి. రిటైరైన మన సార్లు, టీచరమ్మలు వచ్చి కూర్చుంటే అంతకన్నా ఏం కావాలి? పుస్తకాలు, దారి ఖర్చులు, చాయ్ మన సంఘం చూసుకుంటుంది. జూన్‌లో ఒక పేరా చదివించి, మార్చిలో మళ్లీ చదివిస్తే, చివరి మడికి నీళ్లు చేరాయో లేదో మనకే తెలుస్తుంది.

మన గురువులకు ఎలా చెప్పాలో చెప్పేంతవాణ్ణి కాను. నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే వాళ్ల చలవే. నా మాట మన పాత విద్యార్థులకే. 44 ఏళ్ల వయసులో, పాతికేళ్ల అనుభవం పక్కన పెట్టి, మళ్లీ విద్యార్థిగా మారిన బడిపంతులు మన భాషలో ఒకాయన ఉండేవారు. అలా మారే వీలును మన బడి టీచర్లకు కల్పించడం మన చేతుల్లో ఉంది. ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయి చాలా ఏళ్లయింది. బడి గంట మాత్రం రోజూ మోగుతూనే ఉంది. ఈసారి పాణి అన్న పిల్లవాడు బెంచీ మీదే ఉండిపోవాలి.